మక్క చేనులో పందుల కోసం బోను పెట్టుకోవచ్చా?

నర్సంపేట దాటి పాకాల వైపు వెళ్తే అడవి అంచున మీకు నాలుగెకరాల మక్క చేను. కంకి పాలు పోసుకునే వేళకు పందులు దిగి, ఒక్క రాత్రిలో పది గుంటలు పడగొట్టి పోతున్నాయి. పక్క చేన్లవాళ్లు క్లచ్ వైరుతో ఉచ్చులు వేయమంటున్నారు, ఒకాయన కరెంటు తీగ లాగమంటున్నాడు. మీకు ఆ రెండూ మనసొప్పడం లేదు. వెల్డింగ్ షాపులో బోను చేయించి, పందిని ప్రాణంతో పట్టి దూరంగా అడవిలో వదిలేస్తే తప్పా అని అడిగారు. జంతువును బాధపెట్టకుండా పట్టాలని వేరే దేశాల్లో చట్టాలున్నాయట, మనకూ ఉన్నాయా అని కూడా అడిగారు.

ముందే చెప్పేస్తాను. అనుమతి లేకుండా మీరు బోను పెట్టకూడదు. పందికి చిన్న గీత కూడా పడకపోయినా చట్టం దృష్టిలో అది వేటే. అనుమతితో అటవీ శాఖ పట్టొచ్చు. పట్టేటప్పుడు జంతువుకు వీలైనంత తక్కువ బాధ కలగాలని మన చట్టంలోనూ రాసి ఉంది. కానీ మీ నాలుగెకరాలకు బోను కంటే కంచె మేలు. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

నేను పశువైద్యుణ్ణి. పాత వరంగల్ జిల్లాలో ఇరవై ఏడేళ్లు సర్కారు కొలువు చేసి రిటైరయ్యాను. బర్లు, గొర్లు, ఎడ్లు నా రోజువారీ పని. ఉచ్చులో ఏదో పడిందనో, బావిలో ఏదో దిగిందనో ఫారెస్టోళ్ల దగ్గర్నుంచి ఫోన్ వస్తే వెళ్లే డాక్టర్లలో కూడా నేనొకణ్ణి. కింద రాసేది ఆ పనిలో చూసింది, దాని కోసం చదువుకున్న చట్టం.

మనకు ఆధారం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో రెండో సెక్షన్‌లోనే వేట అంటే ఏమిటో చెప్పారు. చంపడం, విషం పెట్టడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం, బోను పెట్టడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. అంటే బోను పెట్టి లోపల నాలుగు కంకులు వేసి మీరు ఇంటికి వచ్చేస్తే, పంది పడకపోయినా నేరం జరిగినట్టే. బోను, దాన్ని మోసుకొచ్చిన ట్రాలీ కూడా సర్కారు సొత్తయిపోతాయి.

2022 సవరణ వచ్చాక, అంటే 2023 ఏప్రిల్ 1 నుంచి, అడవి పంది రెండో షెడ్యూల్‌లో, అంటే చట్టానికి జతచేసిన జంతువుల రెండో జాబితాలో ఉంది. దాన్ని వేటాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఎలుగుబంటి, చిరుత లాంటివి మొదటి షెడ్యూల్. వాటికి శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా ఉంటుంది, జరిమానా కనీసం 25 వేలు. ఉచ్చు మనం వేసేది పందికే కావచ్చు, అందులో పడేది ఏదో మన చేతుల్లో ఉండదు. ఇంకో సంగతి, మీరు పాకాల అభయారణ్యం పక్కన ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. అభయారణ్యం హద్దు లోపల పంది పడినా ఆ మూడు నుంచి ఏడేళ్ల లెక్కే వర్తిస్తుంది. మీ సర్వే నంబరు హద్దుకు ఇవతల ఉందా అవతల ఉందా అన్నది రేంజ్ ఆఫీసులో మ్యాపు మీద చూపించమని అడగండి.

"మీద పడితే చంపొచ్చు కదా" అని చాలామంది అంటారు. నిజమే, 11వ సెక్షన్ ప్రకారం తనను గానీ పక్కవాణ్ణి గానీ కాపాడుకోవడానికి నిజాయితీగా చంపితే నేరం కాదు. కానీ అదే చోట ఇంకో మాట ఉంది. ఆ సమయానికి మీరు అప్పటికే చట్టాన్ని ఉల్లంఘించే పని చేస్తూ ఉంటే ఆ మినహాయింపు దొరకదు. మీరు వేసిన ఉచ్చులో పడ్డ పంది మీ మీదికి ఉరికితే, గొడ్డలితో కొట్టి ప్రాణం కాపాడుకున్నాను అనే వాదన నిలవదు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు మాట, బాధ లేకుండా పట్టడం గురించి.

అదీ 11వ సెక్షన్‌లోనే ఉంది. మనుషులకు ప్రమాదంగా మారిన మొదటి షెడ్యూల్ జంతువును కూడా, పట్టడానికి గానీ, మత్తు ఇవ్వడానికి గానీ, వేరే చోటికి తరలించడానికి గానీ వీలు కాదని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు (రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పై అధికారికి) నమ్మకం కుదిరితే తప్ప చంపమని ఆదేశించకూడదు. పట్టిన జంతువును మళ్లీ అడవిలో బతకనివ్వడానికి వీల్లేదని తేలితే తప్ప బందీగా ఉంచకూడదు, ఆ కారణం కాగితం మీద రాయాలి. దాని కిందే వివరణలో, పట్టడమైనా తరలించడమైనా జంతువుకు అతి తక్కువ యాతన కలిగేలా జరగాలని ఉంది. 2003 నుంచి అమల్లో ఉన్న మాటలివి. చేన్లను పాడుచేసే రెండో షెడ్యూల్ జంతువులకు అదే సెక్షన్‌లో వేరే క్లాజు ఉంది. నిలబడ్డ పంటకు నష్టం చేస్తున్నాయని తేలితే వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వొచ్చు. మీ దారి ఆ క్లాజే.

విదేశాల సంగతి వేరు. అక్కడ చాలా చోట్ల బొచ్చు కోసం జంతువుల్ని పట్టడం ఒక వృత్తి. అందుకే వాళ్ల చట్టాలు ఎలా పట్టాలి అన్న దగ్గర మొదలవుతాయి. కాలిని కరిచి పట్టే ఇనుప దవడల బోన్లను యూరోపియన్ యూనియన్ 1991లో చేసిన నిబంధనతో నిషేధించింది. వాటితో పట్టే దేశాల నుంచి బొచ్చు కొనబోమని కూడా అందులోనే పెట్టింది. దాంతో 1997లో కెనడా, రష్యాలతో ఒక ఒప్పందం కుదిరింది. చంపే బోను అయితే జంతువుకు ఎన్ని సెకన్లలో స్పృహ పోవాలో అందులో జాతిని బట్టి రాశారు: కొన్నిటికి 45, కొన్నిటికి 120, మిగతా వాటికి 300. ప్రాణంతో పట్టే బోను అయితే కనీసం 20 జంతువుల మీద పరీక్షించాలి. నూటికి ఎనభైకి ఎముక విరగడం, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే నరం తెగడం, పన్ను లోపలి గుజ్జు బయటపడేలా విరగడం, తన కాలు తానే కొరుక్కోవడం లాంటివి కనిపించకూడదు. ఉచ్చుల మీద 2023లో వేల్స్, 2024లో స్కాట్లాండ్ పూర్తి నిషేధం తెచ్చాయి.

ఆ పరీక్షల జాబితా మొదటిసారి చదివినప్పుడు నాకు గూడూరు వైపు చూసిన ఎలుగు కళ్ల ముందు మెదిలింది.

పంది కోసం ఎవరో తునికి చెట్టుకు క్లచ్ వైరు కట్టారు. ఎలుగు ముందరి కాలు అందులో పడింది. మేం వెళ్లేసరికి పొద్దున పదకొండు. చెట్టు చుట్టూ తీగ ఎంత పొడుగుందో అంత మేర నేల గుండ్రంగా దున్నినట్టుంది, గడ్డి పోచ మిగల్లేదు. చెట్టు బెరడు మనిషి నడుమెత్తు దాకా ఒలిచేసి ఉంది. తీగ మణికట్టు దగ్గర చర్మాన్ని, కండరాన్ని కోసుకుంటూ ఎముకను ఆనింది. ఈగలు ముసిరాయి. చుట్టూ నూరు మంది జనం, చేతుల్లో ఫోన్లు. జనం ఒక్క అడుగు ముందుకు వేస్తే అది ఒక్క గుంజు గుంజేది, తీగ ఇంకా దిగేది. మేం చేసిన మొదటి వైద్యం జనాన్ని వెనక్కి పంపడమే, దానికే ముప్పావు గంట పట్టింది. మత్తు ఎక్కాక నోరు తెరిచి చూస్తే రెండు కోర పళ్లు విరిగి, లోపలి గుజ్జు ఎర్రగా కనబడుతోంది. కటింగ్ ప్లయర్‌తో తీగ తెంపాం. బతికింది. కానీ పుట్ట తవ్వి చెదలు తిని బతికే జంతువుకు ముందరి పంజా పని చేయకపోతే అడవిలో తిండి లేదు. మిగిలిన జీవితం జూలో గడిపింది. చట్టం కారణం రాయమన్న కాగితం మీద ఆ కారణం రాసింది నేనే.

మన ఉత్తర తెలంగాణలో ఇది కొత్త కాదు. కాగజ్‌నగర్ వైపు ఫాల్గుణ అనే పులికి పుట్టిన కే-4 అనే పులి, నడుముకు ఉచ్చు తీగ బిగుసుకుపోయి చెన్నూరు అడవుల్లో తిరిగిన సంగతి అప్పట్లో పేపర్లలో చదివే ఉంటారు. పట్టి ఆ తీగ తీయాలని అధికారులు నెలల తరబడి తిరిగారు. 2019లో మంచిర్యాల జిల్లాలో ఒక పులి కరెంటు తీగకు చచ్చిపోయింది. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో, జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళంలోని ఒక కానిస్టేబుల్ ప్రాణం పోయింది. కరెంటు తీగ లాగమన్న మీ పక్క చేను ఆయనకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. అందులో మనిషి పడితే నడిచేది అటవీ కేసు ఒక్కటే కాదు, మనిషి చావు కేసు కూడా. దొంగ కరెంటు కేసు వేరే.

"నాది ఉచ్చు కాదు కదా, బోను కదా, దెబ్బ తగలదు" అని మీరు అనొచ్చు. బోనులోనూ తగులుతుంది. పంది మూతితో ఊచల్ని పొడుస్తుంది, చిరుత కొరుకుతుంది. దెబ్బ కనబడకపోయినా లోపల జరిగేది ఒకటుంది. భయంతో గంటల తరబడి గింజుకున్న జంతువు కండరాలు లోలోపల చితికిపోతాయి. ఆ విషం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. దుప్పుల్లో ఇది మరీ ఎక్కువ. వదిలినప్పుడు చెంగున దూకి పోతుంది, అందరూ చప్పట్లు కొడతారు. రెండు మూడు రోజులకు ఎక్కడో పొద కింద పడి ఉంటుంది. అందుకే నేను బోను గురించి ఎవరు అడిగినా మొదట అడిగేది ఇనుము మందం గురించి కాదు, తలుపు పడ్డాక ఎంతసేపటికి మనిషి వస్తాడని. అమెరికాలో చాలా రాష్ట్రాలు పెట్టిన బోనును 24 గంటలకోసారి చూసి తీరాలని రాసుకున్నాయి. మన ఎండల్లో 24 గంటలు చాలా ఎక్కువ. ఏప్రిల్‌లో రేకు బోనులో మధ్యాహ్నం రెండు గంటలు చాలు ప్రాణం పోవడానికి.

ఇది కోతుల విషయంలో కళ్లారా చూశాను. ఒక ఊరి పంచాయతీ వాళ్లు తలకింత అని మాట్లాడుకుని బయటి నుంచి కోతులు పట్టేవాళ్లను పిలిపించారు. నాలుగడుగుల బోనులో ముప్పైకి పైగా కుక్కారు. మధ్యాహ్నం ట్రాలీలో వేసుకుని బయల్దేరారు, దారిలో టైరు పంక్చరైంది. పోస్టుమార్టం చేయమని నన్ను పిలిచేసరికి ఆరు చచ్చి ఉన్నాయి. అందులో ఒక తల్లి, దాని పొట్టను పట్టుకుని పిల్ల. పిల్ల బతికే ఉంది. తల్లి ఒంటి మీంచి దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీయడానికి మా అటెండరుకు చాలాసేపు పట్టింది.

కోతుల చట్టం ఇప్పుడు కొంచెం తికమకగా ఉంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. మన దగ్గర రెండు రకాలున్నాయి. మూతి, పిర్రలు ఎర్రగా ఉండి తోక పొట్టిగా ఉండే రీసస్ కోతిని 2022 సవరణ షెడ్యూళ్ల నుంచి తీసేసింది. నెత్తిన టోపీ పెట్టినట్టు వెంట్రుకలుండి తోక పొడవుగా ఉండే బానెట్ కోతి మొదటి షెడ్యూల్‌లోకి వెళ్లింది. తోక చూడకుండా పట్టేవాడు తెలియకుండానే పెద్ద కేసులో ఇరుక్కుంటాడు. రీసస్ అయినా సరే, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960, అన్ని జంతువులకూ వర్తిస్తుంది. కదలడానికి చోటు లేని బోనులో పెట్టడం, బాధ కలిగేలా బండిలో మోయడం రెండూ ఈ 1960 చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరాలు. జరిమానా మొదటి తప్పుకు పది నుంచి యాభై రూపాయలు, దశాబ్దాల కిందట పెట్టిందే ఇప్పటికీ ఉంది. ఆ ఆరు కోతుల కేసు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నిర్మల్ జిల్లా చించోలి దగ్గర 2020లో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం పెట్టారు, అక్కడ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తారు. మీ ఊళ్లో కోతుల గొడవ ఉంటే పంచాయతీ తీర్మానం చేసి అటవీ శాఖ ద్వారా ఆ దారిలో వెళ్లమనండి.

ఇక పట్టి దూరంగా వదలడం. వినడానికి ఇది చాలా మంచి పనిలా ఉంటుంది. మహారాష్ట్రలో జున్నర్ దగ్గర 2001 నుంచి చిరుతల్ని పెద్ద ఎత్తున పట్టి వేరే అడవుల్లో వదిలారు. అంతకుముందు అక్కడ మనుషుల మీద దాడులు సగటున ఏడాదికి నాలుగు, ఆ తర్వాత పదిహేడుకు పెరిగాయి. చిరుతల మీద పరిశోధన చేసే విద్యా ఆత్రేయ బృందం ఈ లెక్క తీసింది. తెలియని చోట పడ్డ జంతువు తన ఇంటి దారి వెతుక్కుంటుంది, మధ్యలో ఊళ్లు తగులుతాయి. 2011లో కేంద్రం ఇచ్చిన చిరుతల మార్గదర్శకాల్లో కూడా పట్టి తరలించడాన్ని తగ్గించమనే ఉంది. పందికి ఇంకో ప్రమాదం, పశువైద్యుడిగా దీన్ని గట్టిగా చెబుతాను. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో మన దేశంలోకి వచ్చింది. ఊరి పందుల్నీ అడవి పందుల్నీ రెండింటినీ చంపుతుంది. పైకి బాగానే కనిపించే పందిని ముప్పై కిలోమీటర్ల అవతల వదిలితే రోగాన్ని అక్కడికి మోసుకెళ్లినట్టు కావచ్చు.

కాబట్టి మీ చేనుకు నేను చెప్పేది ఇది. నాలుగెకరాలు నలుచదరంగా ఉంటే చుట్టుకొలత సుమారు 510 మీటర్లు. సోలార్ కంచె వేయండి. దానికీ మోటరు కరెంటు తీగకూ పోలికే లేదు. సోలార్ యంత్రం బ్యాటరీ నుంచి సెకనుకు ఒకసారి, రెప్పపాటు కన్నా తక్కువ సేపు షాక్ ఇచ్చి ఆపేస్తుంది. జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. ఐఎస్ 302 ప్రమాణం ఉన్న యంత్రమే కొనండి, చేతి తయారీవి వద్దు. పంది మూతితో కింద నుంచి నెట్టుకొస్తుంది కాబట్టి కింది తీగ జానెడు ఎత్తుకు మించకూడదు. గడ్డి పెరిగి తీగను తాకితే షాక్ అంతా నేలలోకి పోతుంది. వారానికోసారి కొడవలి పట్టాల్సిందే, చాలామంది కంచె పని చేయలేదని తిట్టుకునేది ఇక్కడే.

వచ్చే సీజన్‌కు మక్క చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం పెట్టండి. పల్లికి చుట్టూ కుసుమ. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పే పద్ధతే ఇది. ఆముదం వాసనకు పందికి లోపలి మక్క వాసన తెలియదు, కుసుమ ముళ్లు గుచ్చుకుంటాయి. పంది ఆకలి మీదుంటే ఇది ఒక్కటే ఆపదు, కంచెకు తోడుగా పనికొస్తుంది. కంకి గట్టిపడే ఆ ఇరవై రోజులు మంచె మీద కావలి తప్పదు. నలుగురు రైతులు వంతులేసుకోండి.

దాంతో పాటే దరఖాస్తు పెట్టండి. పడిపోయిన చేను ఫోటోలు తేదీతో, గిట్టల గుర్తుల ఫోటో పక్కన అగ్గిపెట్టె పెట్టి తీసింది, పట్టా పాసు పుస్తకం జిరాక్సు, మీ ఏఈఓతో (వ్యవసాయ విస్తరణ అధికారితో) రాయించిన నష్టం అంచనా. రేంజ్ ఆఫీసులో ఇచ్చి, నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోండి. నష్టపరిహారానికీ, రేపు పందుల్ని పట్టే అనుమతికీ ఆ కాగితమే మొదటి మెట్టు. అదే ఊరి నుంచి పదిమంది ఇస్తే బరువుంటుంది.

ఒకవేళ శాఖ వాళ్లే బోను తెచ్చి మీ చేనులో పెడితే, మీరు కొన్ని అడగొచ్చు, అడగాలి కూడా. చెట్టు నీడలో పెట్టమనండి. పైన, పక్కలా గోనె సంచులు కప్పమనండి, చీకటిగా ఉంటే జంతువు తొందరగా సద్దుమణుగుతుంది. లోపల బయటికి పొడుచుకొచ్చిన వెల్డింగ్ ముక్కలు చేత్తో తడిమి చూడండి. రాత్రి ఎవరు, పొద్దున ఎవరు చూస్తారో పేర్లు రాయించండి. ఎవరూ చూడలేని రాత్రి తలుపు కట్టేసి ఉంచాలి.

పట్టకుండా పంపగలిగితే అన్నిటికన్నా మంచిది. పరకాల వైపు ఒక ఎండిన బావిలో తల్లి పంది, నాలుగు పిల్లలు పడ్డాయి. వలలు, తాళ్లతో ఊరంతా సిద్ధంగా ఉంది. మా టీమ్‌లో ఒక ముసలి వాచర్ ఉండేవాడు. రెండు తాటి మొద్దులు ఏటవాలుగా దించి, అడ్డంగా కట్టెలు కట్టించి, అందర్నీ ఇళ్లకు పొమ్మన్నాడు. తెల్లారి చూస్తే బావిలో ఏమీ లేదు, మొద్దుల మీద బురద గిట్టలు వరసగా పైదాకా ఉన్నాయి.

ఆఖరుగా, మీ పక్క చేన్లలో ఇప్పటికే ఉచ్చులు ఉన్నాయని మీ ప్రశ్నలోనే అర్థమవుతోంది. చీకటి పడ్డాక గట్ల మీద నడవకండి, పిల్లల్ని పంపకండి. తీగ కనబడితే కరెంటు ఉందో లేదో తెలియకుండా ముట్టుకోవద్దు. ఫోటో తీసి బీట్ ఆఫీసర్‌కు పంపండి. అందులో జంతువు ప్రాణంతో ఉంటే దగ్గరికి వెళ్లకండి, నీళ్లు చల్లకండి, జనాన్ని కనబడనంత దూరం పంపి ఫోన్ చేయండి.

మీ చేను కొలతలు, ఏ పక్క అడవి ఉంది, ఏ పక్క వాగు ఉంది రాయండి. కంచెకు ఎన్ని వరసలు కావాలో, స్తంభాలు ఎంత దూరంలో పాతాలో లెక్క వేసి చెబుతాను.